ఓపెన్ సోర్స్ సముదాయాల రచ్చబండ

ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ అంటే, ప్రోగ్రామర్లు రాసిన మూల రచనను, అనగా సోర్స్ కోడ్‌ను, ఎవరైనా చదువుకోవడానికీ, మార్చుకోవడానికీ, మార్చినదాన్ని ఇతరులకు పంచడానికీ లైసెన్సు ద్వారానే హక్కు కల్పించిన సాఫ్ట్‌వేర్. లినక్స్, ఫైర్‌ఫాక్స్ బ్రౌజరు, లిబ్రెఆఫీస్ ఈ కోవకు చెందినవి. వీటిని తయారుచేసేవారిలో జీతానికి పనిచేసేవారు కొందరైతే, తీరిక వేళల్లో స్వచ్ఛందంగా కోడ్ రాసేవారు, అనువాదకులు, వాడుకలో తప్పు కనబడితే తెలియజేసే సాధారణ వినియోగదారులు మరెందరో ఉంటారు. హైదరాబాదులో ఒకరు నిద్రకు ఉపక్రమించే వేళకు కాలిఫోర్నియాలో మరొకరు పని మొదలుపెడతారు. ఒకరి ముఖం ఒకరు ఎన్నడూ చూడని ఈ మనుషులు సముదాయంగా నిలవాలంటే, అప్పటికప్పుడు ప్రశ్న అడిగి అప్పటికప్పుడు జవాబు పొందగల చోటొకటి కావాలి. ఆ చోటునే చాట్ వేదిక అంటున్నారు. ఏ చాట్ వేదికను ఎంచుకోవాలన్నది పైకి సౌకర్యానికి సంబంధించిన చిన్న విషయంలా కనిపించినా, గత పదేళ్లలో ఈ సముదాయాలు పడిన పాట్లను గమనించినవారికి అది వాటి ఆయుష్షుకు సంబంధించిన విషయమని తెలుస్తుంది.

ఈ వేదికలలో అన్నిటికన్నా పాతది ఐఆర్‌సీ. ఫిన్లాండ్ దేశంలోని ఔలు విశ్వవిద్యాలయంలో 1988 ఆగస్టులో యార్కో ఓయికారినెన్ దీన్ని రూపొందించాడు. ఐఆర్‌సీ ఒక కంపెనీ అమ్మే వస్తువు కాదు, ఒక ప్రోటోకాల్. ప్రోటోకాల్ అంటే రెండు కంప్యూటర్లు ఒకదానితో ఒకటి ఏ పద్ధతిలో, ఏ క్రమంలో మాట్లాడుకోవాలో చెప్పే బహిరంగ ఒప్పందం. ఆ ఒప్పందాన్ని చదివి ఎవరైనా సర్వర్ నడపవచ్చు, ఎవరైనా వాడుకరి వైపు ప్రోగ్రాము, అంటే క్లయింటు, రాసుకోవచ్చు. ఇందులో ఒక్కో విషయానికి ఒక్కో ఛానెల్ ఉంటుంది. ఛానెల్‌లో ఒకరు రాసిన వాక్యం ఆ క్షణంలో అక్కడ ఉన్నవారందరి తెరల మీదా కనిపిస్తుంది. ఆ క్షణంలో లేనివారికి మాత్రం అది ఎన్నటికీ చేరదు, ఎందుకంటే ఐఆర్‌సీ సర్వర్ మాటలను దాచిపెట్టదు. రాత్రి అడిగిన ప్రశ్నకు తెల్లవారుజామున ఎవరో జవాబు చెప్పినా, అడిగినవారు కంప్యూటరు కట్టేసి ఉంటే ఆ జవాబు గాలిలో కలిసిపోయినట్టే.

తెలుగువారికి దీనిలో మరొక చిక్కు కూడా ఉండేది. ఐఆర్‌సీ సందేశం ఒక్కొక్కటీ, ఆదేశమూ ఛానెల్ పేరూ వరుస ముగింపు గుర్తులూ కలుపుకుని, 512 బైట్లు దాటకూడదని 1993 మే నాటి ప్రమాణ పత్రం నిర్దేశించింది. బైటు అంటే కంప్యూటరు అక్షరాలను దాచుకునే కొలత. ఇంగ్లీషు అక్షరం ఒక బైటులో ఇముడుతుంది. ఇప్పుడు అంతటా వాడుకలో ఉన్న యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కొక్కదానికి మూడు బైట్లు కావాలి. అందులోనూ వత్తులూ గుణింతాలూ విడివిడి సంకేతాలే కనుక, ‘స్త్రీ’ అనే ఒక్క అక్షరానికి ఆరు సంకేతాలు, అంటే 18 బైట్లు పడతాయి. ఇంగ్లీషులో నాలుగైదు వందల అక్షరాల పేరా పట్టే చోట తెలుగులో నూట డెబ్భై సంకేతాలైనా పట్టవు. ఎవరూ తెలుగును కాదనుకుని పెట్టిన నియమం కాదిది, యూటీఎఫ్-8 ఇంకా ప్రచారంలోకి రాని రోజుల నాటిది. అయినా ఒక వేదిక లోపలి కట్టడం ఏ భాషకు ఎంత చోటిస్తుందో తెలుసుకోవడానికి ఇంతకన్నా స్పష్టమైన కొలత దొరకదు.

ఇన్ని పరిమితులున్నా ఐఆర్‌సీ మూడు దశాబ్దాల పాటు ఓపెన్ సోర్స్ ప్రపంచపు రచ్చబండగా నిలిచింది. నెట్‌స్కేప్ కంపెనీ 1998 మార్చి 31న తన బ్రౌజరు సోర్స్ కోడ్‌ను విడుదల చేయడంతో మొదలైన మొజిల్లా ప్రాజెక్టు సైతం తన సొంత ఐఆర్‌సీ సర్వర్ మీదనే పెరిగింది. అటువంటి మొజిల్లా 2019 ఏప్రిల్‌లో ఆ సర్వర్‌ను మూసివేయదలచినట్టు ప్రకటించడం, అందుకు చెప్పిన కారణాలు, తరువాత ఎంపిక చేసిన తీరు ఈ విషయంపై ఆసక్తి ఉన్నవారందరూ శ్రద్ధగా పరిశీలించదగినవి.

ఐఆర్‌సీలో పేరు చెప్పి లోపలికి రావడమే తప్ప ఆ పేరు ఆ మనిషిదేనని నిర్ధారించే ఏర్పాటు ఆ ప్రోటోకాల్‌లో లేదు. దుర్భాషలాడినవారిని బయటికి పంపితే మరో పేరుతో మరుక్షణం లోపలికి వస్తారు. వేధింపులకు ఎక్కువగా గురయ్యేది కొత్తవారు, స్త్రీలు, అల్పసంఖ్యాక వర్గాలవారు. వారు ఫిర్యాదు చేయకుండానే నిశ్శబ్దంగా తప్పుకుంటారు కనుక, సముదాయానికి తాను పోగొట్టుకున్నదేమిటో కూడా తెలియదు. సాంకేతికంగా చూస్తే అందరికీ తలుపులు తెరిచి ఉన్న చోటు, ఆచరణలో కొందరికి మూసి ఉన్న చోటుగా మారిందని మొజిల్లా గుర్తించింది. అందువల్ల కొత్త వేదికలో ప్రవేశానికి గుర్తింపు తప్పనిసరి కావాలనీ, సముదాయ నడవడి నియమావళి అక్కడ నిజంగా అమలు కావాలనీ, చూపు లేనివారు స్క్రీన్ రీడరు సహాయంతో, అంటే తెరమీది అక్షరాలను చదివి వినిపించే ప్రోగ్రాముతో, వాడుకోగలగాలనీ ముందే షరతులు పెట్టుకుంది. సొంతంగా కొత్త వేదిక కట్టుకోబోమని కూడా స్పష్టం చేసింది. బ్రౌజరు తయారుచేయగలిగిన సంస్థకు చాట్ ప్రోగ్రాము రాసుకోవడం అసాధ్యమేమీ కాదు; కానీ రాయడం ఒక ఎత్తు, ఏళ్ల తరబడి దాన్ని పోషించడం మరొక ఎత్తు అన్న వివేకం ఆ నిర్ణయంలో కనిపిస్తుంది.

అభ్యర్థులుగా నాలుగు వేదికలు నిలిచాయి: స్లాక్, మ్యాటర్‌మోస్ట్, రాకెట్‌చాట్, మ్యాట్రిక్స్. వీటిలో స్లాక్ ఒక్కటే పూర్తిగా మూసిన కోడ్‌తో నడిచే వాణిజ్య సేవ. అయితే అప్పటికి కొన్నేళ్లుగా ఎన్నో ఓపెన్ సోర్స్ సముదాయాలు స్లాక్ వైపు మొగ్గుతూ వచ్చాయి, ఎందుకంటే దానిలో చేరడం తేలిక, పాత మాటలు వెతుక్కోవచ్చు, ఫోనులోనూ కంప్యూటరులోనూ ఒకేలా పనిచేస్తుంది. కార్యాలయాల కోసం తయారైన ఆ సేవలో చేరిన బహిరంగ సముదాయాలకు అసలు ఇబ్బంది తరువాత ఎదురైంది. రియాక్ట్ అనే ప్రసిద్ధ ప్రోగ్రామింగ్ సాధనం చుట్టూ ఏర్పడిన రియాక్టిఫ్లక్స్ సముదాయం సభ్యుల సంఖ్య ఏడున్నర వేలు చేరేసరికి కొత్తవారిని ఆహ్వానించే వీలు లేకపోయి, 2015 అక్టోబరులో డిస్కార్డ్‌కు తరలిపోవలసి వచ్చింది. ఉచిత ఖాతాలకు చివరి పదివేల సందేశాల వరకు చూపిస్తూ వచ్చిన స్లాక్ 2022 సెప్టెంబరు నుంచి 90 రోజుల చరిత్రను మాత్రమే చూపించే పద్ధతికి మారింది. కుబర్నెటీస్ అనే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుకు ప్రత్యేకంగా ఇచ్చిన ఉచిత సౌకర్యాన్ని తొలగిస్తున్నట్టు 2025 జూన్‌లో వారం గడువైనా ఇవ్వకుండా తెలియజేసి, ఆ తరువాత ఆ నిర్ణయాన్ని వెనక్కు తీసుకుంది. ఆ సంస్థ ఇందులో ఏ ఒప్పందాన్నీ అతిక్రమించలేదు. ఉచితంగా ఇచ్చినదాన్ని ఆపే హక్కు ఇచ్చినవారికి ఎప్పుడూ ఉంటుంది. అద్దె లేకుండా ఉంటున్న ఇంట్లో ఏళ్ల తరబడి కూడబెట్టిన జ్ఞానాన్ని భద్రం చేసుకోని సముదాయానిదే ఆ పొరపాటు.

డిస్కార్డ్ సంగతి కొంత భిన్నం. 2015లో ఆటగాళ్ల కోసం మొదలైన ఈ సేవ పాత సందేశాలపై పరిమితి పెట్టదు, వేల మందిని చేర్చుకుంటుంది, అల్లరి చేసేవారిని అదుపు చేసే సాధనాలు అందులో బలంగా ఉన్నాయి. యువతకు అది ముందే అలవాటు. కానీ దాని లోపలి మాట బయటి వెతుకుడు యంత్రాలకు కనబడదు. ఎవరో వంద గంటలు శ్రమించి కనుగొన్న పరిష్కారం ఆ గోడల మధ్యనే ఉండిపోవడం వల్ల, అదే ఇబ్బంది ఎదురైన మరొకరు అదే ప్రశ్నను మళ్లీ మొదటినుంచి అడగవలసి వస్తుంది. జవాబు చెప్పేవారు స్వచ్ఛందంగా తమ సమయాన్ని ఇస్తున్నవారే కనుక, ఈ పునరుక్తి వారిని మెల్లమెల్లగా అలసిపోయేలా చేస్తుంది.

మూసిన వేదికలకే ఇటువంటి ప్రమాదాలు పరిమితమనుకుంటే పొరపాటు. ఐఆర్‌సీ నెట్‌వర్కులలోకెల్లా ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు ఒకప్పుడు ముఖ్య నివాసమైన ఫ్రీనోడ్ కథ ఇందుకు గట్టి నిదర్శనం. దాని సర్వర్లను దాతలు సమకూర్చేవారు, నిర్వహణ స్వచ్ఛంద కార్యకర్తలది, ప్రోటోకాల్ బహిరంగం; లోటేమీ కనిపించని ఏర్పాటు. అయితే 2017లో ఆ నెట్‌వర్కుకు అండగా ఉన్న సంస్థ ఒక ప్రైవేటు వ్యక్తి ఆధీనంలోకి వెళ్లింది. నెట్‌వర్కుపై అధికారం ఎవరిదన్న వివాదం ముదిరి, 2021 మే 19న నిర్వాహకులు మూకుమ్మడిగా రాజీనామా చేసి, స్వీడన్‌లో లాభాపేక్ష లేని సంస్థగా లిబెరా చాట్ అనే కొత్త నెట్‌వర్కును ప్రారంభించారు. వారం తిరగకుండానే, కొత్త నెట్‌వర్కు పేరును తమ శీర్షికలో ప్రస్తావించిన ఛానెళ్లను వందల సంఖ్యలో ఫ్రీనోడ్ యాజమాన్యం స్వాధీనం చేసుకుంది. తమ ప్రాజెక్టు పేరుతో ఏళ్లుగా నడుస్తున్న ఛానెల్‌కు తామే అపరిచితులైన కార్యకర్తల ఆవేదన అప్పటి ప్రకటనలన్నిటిలోనూ వినిపిస్తుంది. ఆ జూన్‌లో పాత నమోదుల సమాచారాన్ని కూడా పక్కన పెట్టడంతో ఫ్రీనోడ్‌తో మిగిలిన బంధం తెగిపోయింది.

ఈ ఘటనలో రెండు పాఠాలు ఒకదానిలో ఒకటి కలిసి ఉన్నాయి, రెండవదాన్ని చాలామంది గుర్తుంచుకోరు. కోడ్ బహిరంగమైనంత మాత్రాన సరిపోదు, పేరూ చిరునామా ఎవరి చేతిలో ఉన్నాయో వారిదే చివరి మాట అన్నది మొదటిది. ఇక రెండవది: గెంటూ, ఆర్చ్ లినక్స్, వికీమీడియా వంటి పెద్ద సముదాయాలు కొద్ది రోజుల్లోనే లిబెరా చాట్‌కు తరలి పని కొనసాగించగలిగాయి, ఎందుకంటే వాడుకరి చేయవలసిందల్లా తన పాత క్లయింటులోనే సర్వర్ చిరునామా మార్చుకుని కొత్త చోట పేరు నమోదు చేసుకోవడం. నేర్చుకోవలసిన కొత్త సాధనం లేదు, మార్చుకోవలసిన అలవాటు లేదు. మూసిన సేవ నుంచి వెళ్లగొట్టబడిన సముదాయానికి ఈ వీలు ఉండదు. కాబట్టి వేదికను ఎంచుకునేటప్పుడు లోపలికి వెళ్లడం ఎంత తేలికో చూడడంతోపాటు, రేపు ఏదైనా తేడా వస్తే మాటలనూ మనుషులనూ వెంటబెట్టుకుని బయటికి రావడం ఎంత తేలికో కూడా చూడాలి. ఈ రెండవ పరీక్షకే పెద్దపీట వేయడం సమంజసం. మొదటిదాన్ని గురించి ఎలాగూ అందరూ ఆలోచిస్తారు.

మొజిల్లా 2019 డిసెంబరులో మ్యాట్రిక్స్‌ను ఎంపిక చేసి, 2020 మార్చిలో తన ఐఆర్‌సీ సర్వర్‌ను మూసివేసింది. మ్యాట్రిక్స్ 2014లో వెలుగులోకి వచ్చిన బహిరంగ ప్రోటోకాల్. దాని పనితీరును ఈమెయిలుతో పోల్చి అర్థం చేసుకోవచ్చు. ఒక సంస్థ ఈమెయిలు ఉన్నవారు మరో సంస్థ ఈమెయిలు ఉన్నవారికి ఉత్తరం రాయగలిగినట్టే, ఒక మ్యాట్రిక్స్ సర్వర్‌లో ఖాతా ఉన్నవారు మరో సర్వర్‌లో ఖాతా ఉన్నవారితో ఒకే గదిలో కూర్చుని మాట్లాడవచ్చు. గది అంటే ఇక్కడ ఛానెల్ వంటిదే, కాకపోతే ఆ గది ఏ ఒక్క సర్వర్‌కూ సొంతం కాదు. అందులో సభ్యులున్న ప్రతి సర్వర్ దగ్గరా ఆ గది సంభాషణ నకలు ఉంటుంది, ఒక సర్వర్ ఆగిపోయినా మిగతా సర్వర్లలోని వారు అదే గదిలో మాట్లాడుకుంటూనే ఉంటారు. ఈ ఏర్పాటునే ఫెడరేషన్ అంటారు. మొజిల్లా తన సభ్యులకు తన సర్వర్‌లో గుర్తింపుతో కూడిన ప్రవేశం కల్పిస్తూనే, బయటి సర్వర్ల వారికీ తలుపు తెరిచి ఉంచగలిగింది. సర్వర్‌ను నడిపే పనిని ఆ సాఫ్ట్‌వేర్ తయారీదారులకే రుసుము చెల్లించి అప్పగించింది. అలా డబ్బు చెల్లించడంలో తప్పు లేదు. రేపు అదే సర్వర్‌ను వేరొకరి చేత నడిపించుకునే వీలుండడమే ముఖ్యం.

మ్యాట్రిక్స్‌లోనూ లోటుపాట్లు లేకపోలేదు. వేలమంది ఉన్న గదులను మోయడానికి దాని సర్వర్లకు కంప్యూటరు శక్తి బాగా కావాలి, కొత్తవారు ఏ సర్వర్‌లో చేరాలో తేల్చుకోలేక మొదటి మెట్టు దగ్గరే తడబడతారు. మ్యాట్రిక్స్‌కూ లిబెరా చాట్‌కూ మధ్య సందేశాలను అటూ ఇటూ చేరవేసిన వంతెన ప్రోగ్రాము 2023లో ఆగిపోయినప్పుడు, దాని మీదనే ఆధారపడిన సముదాయాలు రెండుగా చీలిపోయాయి. మరొక సూక్ష్మం కూడా ఉంది: మ్యాట్రిక్స్ గదులకు ఆద్యంత గుప్తీకరణ, అంటే పంపినవారికీ అందుకున్నవారికీ తప్ప నడుమ సర్వర్‌కు సైతం చదవరాని రహస్య లిపి, అమర్చుకోవచ్చు. ఆంతరంగిక సంభాషణలకు అది అమూల్యం. ఎవరైనా వచ్చి చేరగల బహిరంగ గదికి మాత్రం దానివల్ల రక్షణ ఏమీ లేకపోగా, కొత్తవారికి పాత మాటలు చదివే అవకాశం కూడా పోతుంది.

మొజిల్లా ఇంట్లోనే పుట్టిన రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష సముదాయం అదే 2019లో, అదే సర్వర్ మూతపడుతున్న సందర్భంలో, వేరే దారి పట్టి డిస్కార్డ్‌నూ జూలిప్‌నూ చేపట్టింది. జూలిప్ గురించి తెలుగులో అంతగా ఎవరూ ప్రస్తావించరు కానీ, అది ప్రత్యేకంగా చెప్పుకోదగినది. 2015 నుంచి సోర్స్ కోడ్ బహిరంగంగా లభిస్తున్న ఈ వేదికలో ప్రతి ఛానెల్‌లోని సంభాషణ విషయాల వారీగా విడిపోయి ఉంటుంది. సందేశం పంపేవారు అది ఏ విషయానికి చెందుతుందో శీర్షిక పెట్టి మరీ పంపుతారు. అందువల్ల మూడు రోజుల తరువాత వచ్చినవారు కూడా తమకు కావలసిన ముడిని పట్టుకుని, మధ్యలో దొర్లిన ఇతర ముచ్చట్లు అడ్డురాకుండా మొదటినుంచి చదువుకుని జవాబు చెప్పగలరు. గణిత సిద్ధాంతాల నిరూపణలను కంప్యూటరు చేత సరిచూపించే లీన్ సముదాయం తన జూలిప్ చర్చలను ఎవరైనా చదువుకునేలా బహిరంగంగా భద్రపరుస్తున్నది. వేర్వేరు కాలమండలాల్లో ఉండే, ఆలోచించి రాయడం అలవాటున్న మధ్యస్థ సముదాయానికి నేడు అందుబాటులో ఉన్నవాటిలో ఇంతకన్నా అనువైనది కనబడదు. క్షణక్షణం కబుర్లు సాగాలని కోరేవారికి మాత్రం ఆ శీర్షికల క్రమశిక్షణ కొంత బరువనిపించవచ్చు.

తెలుగునాట ఓపెన్ సోర్స్ పనిలో పాలుపంచుకునే విద్యార్థులు, తెలుగు వికీపీడియా రచయితలు, ఫైర్‌ఫాక్స్ వంటి సాఫ్ట్‌వేర్లను తెలుగులోకి తెస్తున్న అనువాదకులు కలుసుకోవాలంటే మొదట గుర్తుకు వచ్చేవి వాట్సాప్, టెలిగ్రామ్ గుంపులే. అందరి ఫోనులోనూ అవి ఉన్నాయి, కొత్తగా నేర్పవలసింది లేదు. సభ పెట్టడానికీ, బస్సు వేళలు చెప్పుకోవడానికీ వాటికి మించిన సాధనం లేదు. కానీ వాట్సాప్ గుంపులో చేరినవారి ఫోను నంబరు మిగతా సభ్యులందరికీ కనిపిస్తుంది. ముక్కూ ముఖం తెలియని వందలమంది మధ్య తన నంబరు పెట్టడానికి ఒక విద్యార్థిని సంకోచిస్తే, ఆ సంకోచం న్యాయమైనది, ఆమె రాకపోవడం వల్ల కలిగిన నష్టం సముదాయానిది. టెలిగ్రామ్ క్లయింటు కోడ్ బహిరంగమైనా, దాని సర్వర్ కోడ్ మూసినదే. పైగా ఒక ఇంగ్లీషు మాటకు తెలుగులో ఏ పదం వాడాలన్న చర్చ అక్కడ జరిగితే, పండుగ శుభాకాంక్షల మధ్య కలిసిపోయి, మరుసటి ఏడాది అదే పదం మీద మళ్లీ అదే వాదన మొదలవుతుంది. నిర్ణయాలకు దారితీసే చర్చలనైనా జూలిప్, మ్యాట్రిక్స్ వంటి చోటికి మళ్లించి, అక్కడ తేలిన విషయాన్ని నెలకొకసారి బహిరంగ పేజీలో రాసి పెట్టడం పదిమంది ఉన్న బృందానికి కూడా అసాధ్యం కాదు.

రచ్చబండ అనే పేరుతో తెలుగు సాహిత్య చర్చలు సాగిన గుంపొకటి యాహూ గ్రూప్స్‌లో ఉండేది. యాహూ 2019 డిసెంబరులో గుంపుల పాత సందేశాలను తన సైటు నుంచి తొలగించి, 2020 డిసెంబరు 15న ఆ సేవనే మూసివేసింది. సభ్యులెవరైనా ముందుచూపుతో దాచుకున్నవి తప్ప ఆ గుంపులలోని మాటలేవీ ఇప్పుడు అక్కడ లేవు. తెలుగు వికీపీడియాలోనూ రచ్చబండ అనే పేజీ ఉంది. సముదాయం తన నిర్ణయాలను చర్చించుకునే ఆ పేజీలోని పాత చర్చలను, రాసినవారి సంతకాలతో, తేదీలతో సహా, ఖాతా లేనివారు సైతం ఈనాటికీ తెరిచి చదువుకోవచ్చు.